రెండు కోటింగుల కుండ

నేను ఒక కుండను. మామూలు నీళ్ళ కుండను. నా జాతివాళ్ళలో చాలామంది ఒకే ఇంట్లో, ఒకే మూల, ఒకే కుదురు మీద బతుకంతా గడిపేసి, ఏదో ఒకరోజు ఎవరి మోచెయ్యో తగిలి పగిలిపోతారు. నా రాత అట్లా లేదు. బస్టాండు చూశాను, పొలం చూశాను, ఒక ఆలుమగల పందెం మధ్యలో మెడదాకా ఇరుక్కున్నాను. ఆ పందెంలో ఒక మామిడి చెట్టు ప్రాణం కూడా ఉంది కాబట్టి మొదటి నుంచి చెబుతాను, నిదానంగా వినండి.

నేను పుట్టింది కదిరికి పడమటగా ఉన్న గుట్టకిందపల్లిలో. కుండ కాకముందు ఆ ఊరి చెరువు అడుగున బంకమట్టిని. మా బంకమట్టి సంగతి చెప్పాలంటే పిల్లికి బిచ్చం పెట్టని రకం. చుక్క నీరు చేతికి చిక్కిందా, గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. చెరువు ఎండి నెలలైనా లోపల ఎక్కడో తడి దాచుకునే ఉంటుంది, కాని పక్కనే ఒక మొక్క దాహంతో ఎండుతున్నా ఆ తడిని సులభంగా వదలదు. చెరువుకట్ట దాటగానే మొదలయ్యే ఎర్రగరుసు నేల దీనికి పూర్తిగా విరుద్ధం. దానిది ఎముక లేని చెయ్యి. కడివెడు పోస్తే కడివెడూ ఆ పూటే కిందికి జార్చేసి, మర్నాటికి ఒట్టి చేతులు చూపిస్తుంది. దాచుకుని పెట్టనిది ఒకటి, పెట్టడానికి ఏమీ దాచుకోనిది ఒకటి. రెంటి మధ్యా మొక్కలు ఎట్లా బతుకుతున్నాయో అని అప్పుడు నేను ఆలోచించలేదు, నాదీ ఆ పిసినారి వంశమే కదా.

కుమ్మరి ఓబుళేసు నన్ను బండికెత్తుకుని తెచ్చి, ఇసుక కలిపి, కాళ్ళతో తొక్కి, సారె మీద తిప్పి, చెక్కతో తట్టి ఒక రూపానికి తెచ్చాడు. ఆవంలో కాల్చాక నా బుద్ధి సగం మారింది. గట్టిపడ్డాను, కాని గోడ నిండా కంటికి ఆనని సందులు మిగిలాయి. ఓబుళేసు నాలో నీళ్ళు నింపి కాసేపాగి అరచేత్తో నా కడుపు తడిమాడు. చెయ్యి చెమ్మగా తగిలింది.

"ఇది బాగా చెమట పడతాది. నీళ్ళు సల్లగుంటాయి," అని తృప్తిగా పక్కన పెట్టాడు. ఆ మాట విని నేను చిన్నబుచ్చుకున్నాను. నీళ్ళు పట్టి ఉంచడం కుండ పని గాని, కార్చడం కూడా ఒక గొప్పేనా అనుకున్నాను.

ఆ వేసవిలో ఊరి యువజన సంఘం వాళ్ళు బస్టాండులో చలివేంద్రం పెడదామనుకుని, మమ్మల్ని ఒక వరసకు సరిపడా కొన్నారు. సంఘానికి అధ్యక్షుడు రామాంజులు. మనిషి మంచివాడే గాని ఏ పని చేసినా ఫొటోలో ఎట్లా పడుతుందోనని ముందు చూస్తాడు. మమ్మల్ని అటూ ఇటూ తిప్పి చూసి మూతి విరిచాడు.

"మట్టిరంగులో ఏం బాగుండాయప్పా ఇవి? నీలం రంగు ఏపిద్దాం. తెల్లక్షరాలు రాపిద్దాం."

రంగు వెయ్యడానికి వచ్చినవాడు తిప్పయ్య. ఈ కథలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి ఇతనే. ఇళ్ళకూ షాపు బోర్డులకూ రంగులు వేసే పని అతనిది. పని దొరికితే బెంగుళూరు దాకా పోతాడు. తిప్పయ్య ఒక కోటింగు వేసి ఆపే రకం కాదు. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ అడుగుతో సహా రెండో కోటింగు వేశాడు, మంచి మెరుపు ఎనామిల్. దాని మీద తెల్లగా 'దాహం తీర్చుకోండి' అని వంపులు తిరిగే అక్షరాలు రాశాడు. "పదేళ్ళైనా పెచ్చు లేయదు. లేస్తే నన్నడుగు," అన్నాడు రామాంజులుతో. నిజం చెప్పొద్దూ, ఆ నీలంలో నన్ను నేను చూసుకుని నా కళ్ళు నెత్తికెక్కాయి. పైగా చెమట పట్టడం కూడా ఆగిపోయింది. చుక్క బయటికి పోవడం లేదు. ఇప్పుడు కదా అసలైన కుండనయ్యాను అని మురిసిపోయాను.

ఫొటోలు బాగా వచ్చాయి. నీళ్ళే బాగా రాలేదు. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి వచ్చినవాళ్ళు గ్లాసు నోట పెట్టుకుని, టీ తాగినట్టు ఊదుకోవాల్సి వచ్చింది. "ఏం కుండలప్పా ఇవి, నీళ్ళు కాగుతాండాయి," అని ఒకరు, "ఎండ అట్లుండాదిలే," అని ఇంకొకరు. అటువైపే పోతూ ఆ మాట విన్న తిప్పయ్య కూడా "ఎండ అట్లుండాది," అని ఎండ మీదే తోసేశాడు. నాలుగు రోజులు చూసి సంఘం వాళ్ళు చల్లటి నీళ్ళ క్యాన్లు తెప్పించారు. మమ్మల్ని బస్టాండు వెనక గోడకు బోర్లించారు. అంత మెరుపూ పెట్టుకుని గోడవైపు మొహం తిప్పుకుని కూర్చోవడం ఎంత నామోషీగా ఉంటుందో మీకు తెలియదు.

మమ్మల్ని అక్కణ్ణుంచి తీసుకుపోయింది తిప్పయ్య భార్య సుంకమ్మ. ఆమెకు ఊరి బయట వాళ్ళమ్మ ఇచ్చిపోయిన చేను ఉంది. ఎర్రగరుసు. బోరు వేస్తే దుమ్ము వచ్చింది. వేరుశనగ వేస్తే విత్తనం కూడా తిరిగి రాలేదు. పక్క చేలన్నీ సోలారు ప్లేట్ల కంపెనీ కౌలుకు తీసుకుంటోంది. తిప్పయ్యకు ఇదీ ఇచ్చేస్తే పీడా పోతుందని ఉంది. చేను ఆమె పేరున ఉంది కాబట్టి సంతకం ఆమె పెట్టాలి. ఆమె ఏమో ఆ చేలో మామిడి అంట్లు పెడతానంటోంది. ఆ వాదన వాళ్ళింట్లో చాలా రోజులు నడిచిందట, చివరి ముక్క మాత్రం బస్టాండు వెనక నా ముందే జరిగింది.

"ఆ గరుసులో రాళ్ళు తప్ప ఏం మొలుస్తాయి సుంకీ? ప్లేట్లోళ్ళకు ఇచ్చేస్తే నీడపట్టున కూర్చుంటాం."

"ఎవరి నీడలో మామా? కంచె ఏసి గేటుకు బీగమేస్తారు. మా యమ్మ చేను చూడాలంటే కమ్మీల సందులోంచి చూడాల నేను."

"అయితే పందెం. దోవ పక్కన నువ్వు పెట్టే అంట్ల వరస ఉంటాది కదా, వచ్చే మిరుగు కార్తె వానల దాకా అది బతికిందంటే నేను మళ్ళా నోరెత్తను. ఎండిందంటే నువ్వు సంతకం పెట్టాల."

"పెడతా," అంది సుంకమ్మ. అనేసి, అతను ఇంకో మాట అనేలోపే నన్ను ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

ఆమె ఒట్టి పట్టుదల మనిషి కాదు, ఆలోచన ఉన్న మనిషి. ప్రతి గుంతలోనూ గరుసుకు చెరువు మట్టి కలిపింది. ఆ రెండూ కలిస్తే కొట్టుకుంటాయేమో అన్నట్టు మధ్యలో గొర్రెల ఎరువు వేసింది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ పిసినారిని, ఆ దుబారామనిషిని ఒక గుంతలో కూర్చోబెట్టి సంసారం చేయించింది. గరుసు వదిలేదాన్ని బంకమట్టి ఆపుతుంది, బంకమట్టి ఆపినదాన్ని ఎరువు వేళ్ళకు అందేట్టు మెత్తగా ఉంచుతుంది. ఎక్కువ గట్టిగానూ కాదు, ఎక్కువ వదులుగానూ కాదు, పట్టిన పట్టు వేరు లాగితే వదిలేంత. మొక్క తాగే నీళ్ళన్నీ ఆ కొంచెం వదులు పట్టులోనే ఉంటాయి.

ఒక్కో అంటు పక్కన ఒక్కో కుండ మెడదాకా పూడ్చి, నీళ్ళు నింపి, మూకుడు మూయాలని ఆమెకు చెప్పింది ఓబుళేసు. "నేలకు దప్పికైతే కుండలో నీళ్ళు అదే లాక్కుంటాదమ్మా. తడి ఉంటే లాక్కోదు. కుండ నిండుగా ఉండాదంటే చెట్టుకు ఏం కొరత లేదని తెలుసుకో." అతని దగ్గర మెడ వంకరపోయి అమ్ముడుపోని కుండలు ఉంటే అవి తెచ్చుకుంది. అవి చాలక బస్టాండు వెనక నుంచి మమ్మల్ని తెచ్చింది. మమ్మల్ని చూసి ఆమె ముఖం వెలిగింది. ఇంత నునుపు, ఇంత మెరుపు. వంకరవాటిని లోపలి వరసలకు పంపి, మమ్మల్ని పందెం వరసకు పెట్టింది. నాకు ఇచ్చిన చోటు ఆ వరస మొదట్లో, ఆమె అన్నిటికన్నా ఆశగా నాటుకున్న బేనీషా మామిడి అంటు పక్కన. తిప్పయ్య వచ్చి చూసి, దోవంబడి పోయేవాళ్ళకు తన రంగు కనబడుతుందని లోలోపల సంబరపడ్డాడు.

వానల్లో ఏ తేడా తెలియలేదు. చలికాలం మొదలయ్యాక లోపలి వరసల కుండల్లో నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. సుంకమ్మ ఊళ్ళో కొళాయి దగ్గర నుంచి బిందెలు మోసుకొచ్చి నింపేది. మా దగ్గరికి వచ్చి మూకుడు తీసి చూస్తే, మేము నిండుగా ఉండేవాళ్ళం.

"మీరు బంగారు కుండలమ్మా," అని మా మెడ మీద చెయ్యి వేసేది. ఓబుళేసు చెప్పిన లెక్క ప్రకారం నిండు కుండంటే తడి నేల. మా వరస దగ్గర నడుం వాల్చి ఒక నిమిషం ఆగి, మిగతా వరసలకు బిందె ఎత్తుకునేది. ఆమె మోత తగ్గిస్తున్నానని నేను కూడా పొంగిపోయాను. నా కడుపులో నీళ్ళు కదలకుండా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంతకన్నా మంచి కుండ ఎక్కడైనా ఉందా?

శివరాత్రి దాటగానే ఎండలు ముదిరాయి. అప్పుడు నా పక్కన ఏదో జరుగుతోందని నాకు తెలిసింది. నా చుట్టూ ఉన్న మట్టి ముందు మెత్తదనం పోగొట్టుకుంది, తరువాత ముద్దకట్టడం మానింది, తరువాత పొడి అయింది. బేనీషా వేళ్ళు ఎటు దారి దొరికితే అటు తడుముకుంటూ వచ్చి, వాటిలో కొన్ని నా గోడకు తగిలాయి. ఇంత నీళ్ళు బెత్తెడు దూరంలో పెట్టుకుని నేను వాటికి ఒక్క చుక్క ఇవ్వలేకపోయాను. ఇవ్వాలని లేక కాదు. నాకు ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. ఆ వేళ్ళు నా మీద కొన్నాళ్ళు ఆనుకుని ఉండి, అట్లాగే ముడుచుకుపోయాయి. నాకు చాలా సిగ్గేసింది.

పైన ఆకులు వాలాయి, అంచులు మాడాయి. లోపలి వరసల్లో, ఆ వంకరమెడల కుండల పక్కన, అంట్లు నిటారుగా ఉన్నాయి. మా వరసే ఉసూరుమంటోంది. సుంకమ్మ మూకుడు తీసి చూసింది, నిండుగా ఉన్నాను. ఆమె చాలాసేపు అక్కడే కూర్చుంది. నీళ్ళు తక్కువైతే కుండ ఖాళీ కావాలి. కుండ నిండుగా ఉండి చెట్టు వాలుతోందంటే నీళ్ళు ఎక్కువై వేరు మురుగుతోందన్నమాట. ఆమెకు అట్లా తోచింది, తోచిన దాంట్లో తప్పు కూడా లేదు. అందుకే నాలో సగం నీళ్ళు ముంచి తీసుకుపోయి పక్క వరసకు పోసింది. ఆ రోజు నాకు నోరుంటే ఎంత బాగుండునో.

ఆ ఎండలకే బెంగుళూరులో పని ఆగి తిప్పయ్య ఇంటికి వచ్చాడు. దోవ మీద నుంచే వరస చూశాడు. పందెం గెలిచినవాడి ముఖం వెలిగిపోవాలి, కాని భార్య ముఖం చూశాక అతనికి నవ్వడానికి మనసు రాలేదు.

"కంపెనీ మనిషి ఈ వారంలో వస్తానన్నాడు," అన్నాడు మెల్లగా. "ఇది గొడ్డు నేల సుంకీ. నీ తప్పేం లేదు."

"నీళ్ళు ఉండాయి మామా. చూడు, ఇంకా ఉండాయి. ఉండీ ఎట్ల ఎండుతాది?" సుంకమ్మ కళ్ళు తుడుచుకుంది. "వేరు మురిగిందేమో తవ్వి చూపీ. మురిగింటే ఇప్పుడే పెడతా సంతకం."

తిప్పయ్య గుంతలు తవ్వే గడారి తెచ్చి నా పక్కన దించాడు. గడారి దిగినచోట దుమ్ము లేచింది. అతను ఆగి చేత్తో మట్టి తీసి నలిపాడు, అది వేళ్ళ సందుల్లోంచి బూడిదలాగా రాలిపోయింది. ఇంకొంచెం తవ్వాడు. మురుగు లేదు, వాసన లేదు, తడి అన్నదే లేదు. నన్ను రెండు చేతులతో పట్టి బయటికి లాగాడు. నీలం రంగు ఎండలో తళుక్కుమంది. 'దాహం తీర్చుకోండి' అనే అక్షరాల మీద సన్నటి వేళ్ళు రెండు మూడు ఎండి అతుక్కుని ఉన్నాయి.

తిప్పయ్య బొటనవేలితో నా కడుపు మీద రుద్దాడు. లోపల ఇన్ని నీళ్ళున్నా వేలికి చెమ్మ తగల్లేదు. లేచి లోపలి వరసకు పోయి, ఒక వంకరమెడ కుండ పక్కన మట్టి తీసి చూశాడు. అక్కడి మట్టి పిడికిట్లో ముద్దయింది. తిరిగి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. బస్టాండులో నీళ్ళు కాగినప్పుడు ఎండ మీద తోసేసిన మాట గుర్తొచ్చిందేమో, తల గోక్కున్నాడు.

"నేల గొడ్డుది కాదు," అన్నాడు చివరికి. "నేనే దానికి నీళ్ళు అందకుండా పూసేసినా. రెండు కోటింగులు."

సుంకమ్మకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆమె ఏడవలేదు, తిట్టలేదు, నన్ను దగ్గరికి లాక్కుని గోరుతో గీకింది. గోరు విరిగింది గాని రంగు లేవలేదు.

"ఉండు, పనిముట్లు తెస్తా," అని అతను లేచాడు.

"ఎందుకు మామా? ఇట్లే వదిలేస్తివంటే పందెం నీదే కదా."

"పందెం నాదే. రంగు కూడా నాదే. రేపు ఊళ్ళో తిప్పయ్య రంగుకు చెట్లు సచ్చినాయి అంటే ఎవరు గోడ చూపిస్తారు నాకు?" అన్నాడు. అది ఒక్కటే కారణం కాదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ రోజు నేను పడిన బాధ ఆవంలో కూడా పడలేదు. తిన్నరుతో కడిగేస్తానని అతను డబ్బా తెస్తే, మందు వాసన మొక్కకు తగులుతుందని సుంకమ్మ డబ్బా లాక్కుంది. ఇక లప్పం రేకుతో, గాజుపెంకుతో, గరుకు కాగితంతో గీకడమే. తన పనిని తనే తిట్టుకుంటూ, అంతలోనే "చూసినావా ఎంత గట్టిగా పట్టుకుండాదో," అని తనే మెచ్చుకుంటూ గీకాడు. అతని చెమట నా మీద కారింది. మా వరసలో కుండలన్నీ ఒకదాని తరువాత ఒకటి అతని ఒళ్ళోకి వచ్చాయి. సుంకమ్మ ఒక మూల కూర్చుని ఇంకో రేకుతో మొదలుపెట్టింది. దోవంబడి పోతున్న రామాంజులు ఆగి, "ఏమప్పా, అంత మంచి రంగు తీసేస్తాండారే?" అన్నాడు. ఇద్దరూ అతన్ని చూసిన చూపుకు అతను గబగబా తన దోవ పట్టాడు.

పొద్దు వాలేసరికి నన్ను మళ్ళీ గుంతలో కూర్చోబెట్టి నీళ్ళు నింపారు. నా ఒంటి మీద అక్కడక్కడా నీలం మచ్చలు మిగిలాయి గాని మిగతా గోడంతా తెరుచుకుంది. ముందు ఏమీ కాలేదు. ఆ తరువాత బయటి మట్టి నన్ను లాగడం మొదలుపెట్టింది. ఎంత దాహమో దానికి. నా సందుల్లోంచి నీళ్ళు ఊరి, మట్టిలోకి దిగి, మట్టి రేణువుల మధ్య సర్దుకుంటుంటే నాకు ప్రాణం హాయిగా అనిపించింది. చాలినంత తడిశాక మట్టి లాగడం తగ్గించింది, నేను ఇవ్వడం తగ్గించాను. ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు, ఆపమనక్కర్లేదు. ఆ రోజు ఓబుళేసు 'బాగా చెమట పడతాది' అని నన్ను పొగిడిన మాట నాకు అప్పుడు అర్థమయింది. మర్నాడు సుంకమ్మ మూకుడు తీసి, నేను సగానికి తగ్గి ఉండడం చూసి, గట్టిగా నవ్వింది. కుండ ఖాళీ అయినందుకు అంత సంబరపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

వరసలో ఒక అంటు అప్పటికే పోయింది, అది లేవలేదు. మిగతావి ఒక్కొక్కటిగా కోలుకున్నాయి. బేనీషానే మమ్మల్ని చాలా భయపెట్టింది. ఆకంతా రాల్చేసి ఒట్టి పుల్లగా నిలబడింది. రోజూ ఇద్దరూ వచ్చి దాన్ని గోటితో గిచ్చి లోపల పచ్చగా ఉందో లేదో చూసేవాళ్ళు. చిగురు వచ్చినా అంటు కట్టిన ముడి కింద నుంచి వస్తే అది బేనీషా కాదు, ఏదో నాటు మామిడి. ఒకరోజు తిప్పయ్య ఒక్కడే వచ్చి వంగి చూసి, దోవలో ఉన్న భార్యను కేకేశాడు. ముడికి జానెడు పైన రాగిరంగులో చిగురు మొలిచింది.

"ముడి పైనే," అన్నాడు.

"చూసినా," అంది ఆమె. ఇద్దరూ ఆ చిగురు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మిరుగు కార్తెలో వాన పడ్డాక కంపెనీ మనిషి వచ్చాడు. తిప్పయ్యే ఎదురుపోయి, "మా ఇంట్లో సంతకం పెట్టరప్పా," అని పంపేశాడు.

ఆ తరువాత నా కథలో చెప్పుకోవాల్సినవి ఎక్కువ లేవు. బేనీషా పెరిగింది. దాని వేళ్ళు నా చుట్టూ అల్లుకుని, గోడకు అంటుకుని, సందుసందులోనూ తడి వెతుక్కుంటూ ఒక ఏడాది నన్ను మెల్లగా పగలగొట్టేశాయి. నాకు కోపం రాలేదు. నీళ్ళు తాగేవాళ్ళు గ్లాసు గట్టిగా పట్టుకోవడం మామూలే కదా. అప్పటికి చెట్టుకు కుండ అవసరం కూడా తీరిపోయింది.

మొన్న ఆ పక్కనే ఇంకో అంటుకు గుంత తీస్తుంటే, తిప్పయ్య గడారికి నా పెంకు ఒకటి తగిలింది. తుడిచి చూసి అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"సుంకీ, చూడు ఈడ! నా నీలం. ఇన్నేండ్లు మట్టిలో ఉండి కూడా పోలా."

సుంకమ్మ ఆ పెంకు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. దాని నిండా వేళ్ళు అతుక్కున్న జాడలు అల్లిక పనిలా ఉన్నాయి. నీలం మచ్చ ఉన్నంత మేర మాత్రం ఒక్క వేరూ అంటలేదు. ఆమె ఆ మచ్చనూ మొగుణ్ణీ ఒకసారి మార్చి మార్చి చూసి, నీలం ఉన్న ముక్కను విరిచి అతని చొక్కా జేబులో వేసింది.

"నీది నువ్వు తీసుకో మామా. మిగతాదంతా చెట్టుది," అంది. మిగిలిన ముక్కను గుంతలో వేసి మట్టి కప్పింది.

అట్లా ఇప్పుడు నేను రెండు చోట్ల ఉన్నాను. ఒక ముక్క తిప్పయ్య కుంచెల డబ్బాలో ఉంది, కొత్తగా పని ఇచ్చేవాళ్ళకు అతను దాన్ని చూపిస్తుంటాడు. తక్కినదంతా బేనీషా కింద ఉన్నాను, ఇక్కడ రాత్రి వాన పడింది, ఒళ్ళంతా తడిగా ఉంది.